బీటా బ్లాకర్లలో ఏది ఎవరికి: గుండె జబ్బుతో పాటు ఇంకేమున్నాయో చూసి ఎంచుకోవడం

"మెటోప్రొలాల్ స్టాకు లేదండీ, అటెనోలాల్ ఉంది, రెండూ ఒకటే, ఇవ్వమంటారా?" మందుల షాపుల్లో తరచూ వినిపించే మాట ఇది. రెండూ ఒకటి కావు. రెండూ బీటా బ్లాకర్లే, రెండూ గుండె వేగాన్ని తగ్గిస్తాయి, బీపీని కొంత దించుతాయి. అయితే పంపింగ్ తగ్గిన గుండెకు మెటోప్రొలాల్‌లో ఒక రకం ఆయుష్షు పెంచుతుందని పెద్ద అధ్యయనాల్లో తేలింది. అటెనోలాల్‌కు అలాంటి ఆధారం లేదు. పైగా కిడ్నీలు దెబ్బతిన్నవారిలో అటెనోలాల్ బయటికి పోకుండా ఒంట్లో పేరుకుంటుంది, మెటోప్రొలాల్‌తో ఆ ఇబ్బంది తక్కువ. కౌంటరు దగ్గర ఒక్క నిమిషంలో జరిగిపోయే ఈ మార్పు వల్ల కొందరికి ఏమీ కాదు, కొందరికి చాలా నష్టం జరుగుతుంది.

బీటా బ్లాకర్ అవసరమా కాదా అన్నది గుండె జబ్బును బట్టి తేలుతుంది. ఆ గుంపులో ఏ మాత్ర అన్నది మాత్రం చాలాసార్లు దాని పక్కనున్న జబ్బును బట్టి తేలుతుంది. ఉబ్బసం ఉందా, షుగర్ ఉందా, కిడ్నీ ఎలా ఉంది, కడుపుతో ఉన్నారా, కంట్లో ఏ చుక్కల మందు వేసుకుంటున్నారు అన్న ప్రశ్నలకు జవాబులు తెలియకుండా 'మంచి బీటా బ్లాకర్ ఏది' అని అడిగితే ఎవరూ నిజమైన సమాధానం చెప్పలేరు. ఇక్కడ రాస్తున్నది ఎవరికి వారు మాత్ర మార్చుకోవడానికి కాదు. డాక్టరు గదిలో దొరికే కొద్ది నిమిషాల్లో మీ గురించి, మీ అమ్మానాన్నల గురించి ఏమి చెప్పాలో, ఏమి అడగాలో తెలియడానికి.

ముందు ఈ మందు చేసే పని చూద్దాం. కోపం, భయం, పరుగు, నొప్పి, ఏదైనా సరే ఒంట్లో ఎడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. గుండె కండరంలో దాన్ని అందుకునే చోట్లను బీటా-1 గ్రాహకాలంటారు, వాటికి అది తగలగానే గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. ఊపిరితిత్తుల గొట్టాల్లో, రక్తనాళాల్లో ప్రధానంగా బీటా-2 గ్రాహకాలు ఉంటాయి. అక్కడ ఎడ్రినలిన్ తగిలితే గొట్టాలు విచ్చుకుంటాయి. ఈ గ్రాహకాలను మూసి ఉంచేవే బీటా బ్లాకర్లు. 1960లలో బ్రిటన్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ ఛాతీనొప్పి రోగుల గురించి ఆలోచిస్తూ, గుండెకు రక్తం పెంచలేకపోతే దాని అవసరాన్నే తగ్గించవచ్చు కదా అనుకున్నారు. ఆ ఆలోచనలోంచి ప్రొప్రనొలాల్ వచ్చింది. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది.

ప్రొప్రనొలాల్ బీటా-1, బీటా-2 రెండింటినీ మూస్తుంది. తరవాత వచ్చిన అటెనోలాల్, మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ ముఖ్యంగా గుండె మీదే పనిచేస్తాయి. మోతాదు పెంచేకొద్దీ ఈ తేడా చెరిగిపోతుందన్నది గుర్తుంచుకోవాలి. ఆ తరవాతి మందులు రక్తనాళాలను కూడా వదులు చేస్తాయి. కార్వెడిలాల్, లాబెటలాల్ ఆ పనిని ఆల్ఫా గ్రాహకాలను మూసి చేస్తాయి, నెబివొలాల్ నైట్రిక్ ఆక్సైడ్ ద్వారా చేస్తుంది. ఎంపికలో తేడాలన్నీ దాదాపు ఇక్కడి నుంచే పుడతాయి.

అసలు అవసరమా?

కేవలం బీపీ మాత్రమే ఉండి, గుండెకు ఇంకే ఇబ్బందీ లేనివారికి మొదటి మాత్రగా బీటా బ్లాకర్ అక్కర్లేదన్నది నా గట్టి అభిప్రాయం. దీనికి ఆధారం ఉంది. 2002లో వెలువడిన లైఫ్ అధ్యయనంలో బీపీ వల్ల గుండె గోడ మందమైన 9 వేల పైచిలుకు మందిలో కొందరికి లోసార్టాన్ అనే మరో రకం బీపీ మాత్ర, కొందరికి అటెనోలాల్ ఇచ్చి చూశారు. రెండు వర్గాల్లోనూ బీపీ దాదాపు ఒకేలా తగ్గినా, పక్షవాతం మాత్రం లోసార్టాన్ వర్గంలో 25 శాతం తక్కువగా వచ్చింది. 2005లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా మిగతా బీపీ మందులతో పోలిస్తే బీటా బ్లాకర్ల మీద ఉన్నవారిలో పక్షవాతం ముప్పు 16 శాతం ఎక్కువని తేలింది. అందులో ఎక్కువ అధ్యయనాలు అటెనోలాల్ మీద చేసినవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన బీపీ మార్గదర్శకాల్లో తొలి వరస మందులు మూడే రకాలు: నీరు తీసే థయాజైడ్ తరహా మాత్రలు, ఏసీఈ ఇన్హిబిటర్లు లేదా లోసార్టాన్ లాంటి సార్టాన్లు, ఆమ్లోడిపిన్ లాంటి క్యాల్షియం చానల్ బ్లాకర్లు. బీటా బ్లాకర్ ఆ వరసలో లేదు.

అయినా మన దగ్గర అటెనోలాల్, ఆమ్లోడిపిన్ కలిపిన ఒకే మాత్రను ఏళ్ల తరబడి వేసుకుంటున్న పెద్దలు చాలామందే ఉన్నారు. ఎప్పుడో ఒక డాక్టరు రాశారు, బీపీ అదుపులో ఉంది, చీటీ అలాగే సాగుతోంది. అలాంటి స్ట్రిప్ మీ ఇంట్లో ఉంటే ఆపేయకండి. తరవాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ఇందులో అటెనోలాల్ ఎందుకు ఉందండీ, ఛాతీనొప్పికా, గుండె దడకా, లేక బీపీకేనా?" బీపీకే అయితే దాన్ని నెమ్మదిగా తగ్గించి వేరే మాత్ర పెట్టవచ్చా అన్న చర్చ అక్కడ మొదలవుతుంది. షుగర్ వచ్చే సూచనలున్నవారు ఈ ప్రశ్న తప్పక అడగాలి. ఎందుకంటే పాత తరం బీటా బ్లాకరూ నీరు తీసే మాత్రా కలిపి ఏళ్ల తరబడి వాడితే కొత్తగా షుగర్ వచ్చే అవకాశం పెరుగుతుంది.

బీపీతో పాటు ఛాతీనొప్పి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ తప్పడం, గుండె వైఫల్యం వీటిలో ఏదైనా ఉంటే లెక్క మారుతుంది. ఒక్క మాత్ర రెండు పనులు చేస్తుంది కాబట్టి అప్పుడు బీటా బ్లాకర్ మంచి ఎంపికే.

గుండెపోటు వచ్చినవారి విషయంలో ఈ మధ్యే చాలా మారింది. ఒకప్పుడు గుండెపోటు వస్తే జీవితాంతం బీటా బ్లాకర్ అన్నది తిరుగులేని నియమం. ఆ నియమం స్టెంట్లు రాని కాలపు అధ్యయనాల నుంచి వచ్చింది. 2024లో వెలువడిన రెడ్యూస్-ఏఎంఐ అధ్యయనం, గుండెపోటు తరవాత కూడా పంపింగ్ 50 శాతం లేదా అంతకు మించి ఉన్నవారికి బీటా బ్లాకర్ వల్ల మరణాలు గానీ రెండో గుండెపోటు గానీ తగ్గలేదని చూపింది. 2025లో స్పెయిన్, ఇటలీలలో జరిగిన రీబూట్ అధ్యయనం పంపింగ్ 40 శాతం దాటినవారిలో అదే మాట చెప్పింది. అదే ఏడాది నార్వే, డెన్మార్క్ నుంచి వచ్చిన మరో అధ్యయనంలో మాత్రం కొంత మేలు కనిపించింది. పంపింగ్ 40కీ 50కీ మధ్య ఉన్నవారికి ఉపయోగం ఉందన్న వైపే ఆధారాలు మొగ్గుతున్నాయి. 40 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉంటే సందేహమే లేదు, మందు వాడాల్సిందే.

ఈ వార్తలు చదివి స్టెంట్ వేయించుకున్నవారు సొంతంగా మాత్ర మానేయడం తప్పు. ఇప్పటికే ఏళ్లుగా వాడుతున్నవారిలో మాన్పించి చూసిన ఫ్రాన్స్ అధ్యయనం అబిస్ 2024లోనే వచ్చింది. మానేయడం కొనసాగించడమంత సురక్షితమని అది నిరూపించలేకపోయింది, మానేసినవారిలో గుండె సంబంధ కారణాలతో ఆసుపత్రి పాలైనవారు ఎక్కువగా ఉన్నారు. కొత్తగా మొదలుపెట్టాలా అన్నది ఒక ప్రశ్న, ఉన్నది ఆపాలా అన్నది వేరే ప్రశ్న. మీ దగ్గర తాజా ఎకో రిపోర్టు ఉంటే, అందులోని ఈఎఫ్ అంకె (పైన చెప్పిన పంపింగ్ శాతం ఇదే) ముందు పెట్టుకుని ఈ రెండో ప్రశ్నను గుండె డాక్టరుతోనే తేల్చుకోవాలి.

పంపింగ్ తగ్గిన గుండెకు

బీటా బ్లాకర్లు అత్యంత విలువైన పని చేసేది ఇక్కడే. పొరపాటు ఎంపిక ఖరీదు ఎక్కువయ్యేదీ ఇక్కడే. గుండె బలహీనపడినప్పుడు శరీరం ఎడ్రినలిన్ పెంచి దాన్ని బలవంతంగా నడిపిస్తుంది. అలసిన ఎద్దును ములుగర్రతో పొడుస్తూ బండి లాగించడం లాంటిదది. కొన్నాళ్లు బండి నడుస్తుంది, ఎద్దు మాత్రం నానాటికీ చిక్కిపోతుంది. బీటా బ్లాకర్ ఆ పోటును ఆపుతుంది. నెలల మీద గుండె కండరం కోలుకుంటుంది, కొందరిలో ఈఎఫ్ కూడా పెరుగుతుంది.

ఈ పనికి మరణాలు తగ్గిస్తాయని గట్టి రుజువున్నవి మూడే: బిసోప్రొలాల్, కార్వెడిలాల్, మెటోప్రొలాల్ సక్సినేట్. 1999లో వచ్చిన సిబిస్-2 అధ్యయనం బిసోప్రొలాల్‌తో, అదే ఏడాది వచ్చిన మెరిట్-హెచ్‌ఎఫ్ అధ్యయనం మెటోప్రొలాల్ సక్సినేట్‌తో మరణాలు 34 శాతం తగ్గాయని చూపాయి. జబ్బు బాగా ముదిరినవారిలో కార్వెడిలాల్ 35 శాతం తగ్గించిందని 2001లో కొపర్నికస్ అధ్యయనం తేల్చింది. నాలుగోదైన నెబివొలాల్‌ను సీనియర్స్ అధ్యయనంలో 70 ఏళ్లు దాటినవారికి ఇచ్చి చూశారు. మరణాలు, ఆసుపత్రి చేరికలు కలిపి చూస్తే 14 శాతం తగ్గాయి గానీ, మరణాలు ఒక్కటే తీసుకుంటే స్పష్టమైన తగ్గుదల కనిపించలేదు. మొదటి మూడూ సరిపడని వృద్ధులకు దీన్ని వాడతారు.

మెటోప్రొలాల్ అన్నవారు తప్పనిసరిగా చూడాల్సింది ఆ పేరు పక్కనున్న రెండో పేరు. సక్సినేట్ అంటే నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర, రోజుకు ఒకసారి. స్ట్రిప్ మీద ఎక్స్ఎల్ అనో ఈఆర్ అనో ఉంటుంది. టార్ట్రేట్ అంటే త్వరగా విడుదలయ్యేది, మామూలుగా రోజుకు రెండుసార్లు వేయాలి. గుండె వైఫల్యంలో రుజువున్నది సక్సినేట్‌కే. 2003లో కోమెట్ అధ్యయనం కార్వెడిలాల్‌నూ మెటోప్రొలాల్ టార్ట్రేట్‌నూ పోల్చినప్పుడు సగటున అయిదేళ్లకు కాస్త తక్కువ కాలంలో కార్వెడిలాల్ వర్గంలో 34 శాతం మంది, టార్ట్రేట్ వర్గంలో 40 శాతం మంది చనిపోయారు. టార్ట్రేట్ మోతాదు తక్కువగా ఇచ్చారన్న విమర్శ ఉంది, అది సబబే కూడా. అయినా పంపింగ్ తగ్గిన నాన్నగారికి షాపులో టార్ట్రేట్ చేతిలో పెడితే వెనక్కి ఇచ్చి సక్సినేట్ అడగడమే సరైనది. ఎక్స్ఎల్ మాత్రను మధ్యలో గీత ఉంటే రెండుగా విరవవచ్చు. నమలడం, పొడి చేయడం మాత్రం కూడదు. రోజంతా నెమ్మదిగా రావలసిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వస్తుంది.

ఈ మూడింటిలో ఏది? బీపీ బాగానే ఉన్నా, కాస్త ఎక్కువగా ఉన్నా కార్వెడిలాల్ అనుకూలం, ఎందుకంటే అది రక్తనాళాలను కూడా వదులు చేసి బీపీని మరికొంత దించుతుంది. లేచి నిలబడితే కళ్లు తిరిగేవారికి, పై బీపీ 100 చుట్టూ తచ్చాడేవారికి ఇదే గుణం ఇబ్బంది. వారికి బిసోప్రొలాల్, మెటోప్రొలాల్ సక్సినేట్ నయం. పొగాకు వల్ల ఊపిరితిత్తులు పాడైనవారికి బిసోప్రొలాల్ వైపు మొగ్గుతారు. షుగర్ ఉన్నవారిలో కార్వెడిలాల్‌కు చిన్న ఆధిక్యం ఉంది. 2004లో జెమినీ అనే అధ్యయనంలో మెటోప్రొలాల్ టార్ట్రేట్‌తో మూడు నెలల షుగర్ సగటు కొద్దిగా పెరిగింది, కార్వెడిలాల్‌తో పెరగలేదు. ఇక రోజువారీ సౌకర్యం సంగతి: కార్వెడిలాల్ రోజుకు రెండుసార్లు, భోజనంతో పాటు వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. రెండో పూట మాత్ర మరిచిపోయే మనిషికి రోజుకు ఒకటి చొప్పున వేసుకునే బిసోప్రొలాల్ ఇవ్వడమే మేలని నాకనిపిస్తుంది. డబ్బాలో మిగిలిపోయిన మాత్ర ఎంత గొప్పదైనా గుండెకు చేరదు కదా.

మందు ఏదైనా మొదలుపెట్టే పద్ధతి ఒక్కటే, చాలా తక్కువ మోతాదుతో. కార్వెడిలాల్ 3.125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, బిసోప్రొలాల్ 1.25, మెటోప్రొలాల్ సక్సినేట్ 12.5 లేదా 25. కనీసం రెండు వారాలు ఆగి, తట్టుకుంటే రెట్టింపు చేస్తూ పోతారు. చేరవలసిన మోతాదు కార్వెడిలాల్‌కు 25 చొప్పున రెండుసార్లు (బరువు 85 కిలోలు దాటితే 50 చొప్పున), బిసోప్రొలాల్‌కు 10, మెటోప్రొలాల్‌కు 200. అందరూ అక్కడిదాకా వెళ్లలేరు, తట్టుకున్నంత వరకే. మన దగ్గర తరచూ జరిగే లోపం ఏమిటంటే మొదటి చీటీ మోతాదే ఏళ్ల తరబడి కొనసాగడం. "మోతాదు పెంచాల్సి ఉందా?" అని మీరే అడగండి.

మొదటి వారాల్లో నీరసం, కాస్త ఆయాసం పెరగడం సహజం. ఇంట్లో రోజూ ఉదయం మూత్రవిసర్జన తరవాత, తినకముందు బరువు చూసి రాసుకోండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్ల వాపు వచ్చినా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోయినా వెంటనే డాక్టరుకు ఫోను చేయాలి. సాధారణంగా నీరు తీసే మాత్ర పెంచితే సరిపోతుంది, బీటా బ్లాకర్ ఆపనక్కర్లేదు. ఒంట్లో నీరు నిండి ఆయాసపడుతున్న మనిషికి మాత్రం ఆ స్థితిలో దీన్ని కొత్తగా మొదలుపెట్టరు. ముందు నీరు తీసి, మనిషి కుదుటపడ్డాక మొదలుపెడతారు.

పక్కనున్న జబ్బును బట్టి

ఉబ్బసం ఉన్నవారు ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్, లాబెటలాల్ లాంటివాటికి దూరంగా ఉండాలి. ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి, ఆపదలో వాడే సాల్బుటమాల్ ఇన్హేలర్ కూడా సరిగా పనిచేయదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండి పోయిందన్నా, చలికాలంలో పిల్లికూతలు వస్తాయన్నా చెప్పి తీరాలి. గుండె అవసరం తప్పనిసరి అయితే బిసోప్రొలాల్ లాంటిదాన్ని అతి తక్కువ మోతాదులో, నిపుణుల కనుసన్నల్లో ఇస్తారు. పొగతాగేవారిలో ఊపిరితిత్తులు పాడై వచ్చే సీఓపీడీ అనే జబ్బు వేరు. అందులో గుండె మీదే పనిచేసే బీటా బ్లాకర్లను గుండె అవసరం కోసం వాడవచ్చు. ఆయాసం అనే ఒక్క మాట కింద ఈ రెండు జబ్బులూ కలిసిపోతుంటాయి. ఏది ఉందో ఊపిరి పరీక్ష చేయించి తెలుసుకోవడం దండగ కాదు.

షుగర్ ఉండి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారికి ఒక ముఖ్యమైన విషయం. షుగర్ పడిపోయినప్పుడు కనిపించే గుండె దడ, వణుకు ఈ మందుల వల్ల మరుగున పడతాయి. చెమట మాత్రం పడుతుంది. బీటా బ్లాకర్ మొదలయ్యాక కారణం లేకుండా చల్లని చెమట పడితే, ఆకలి, తికమక ఉంటే వెంటనే షుగర్ పరీక్షించుకుని, తక్కువగా ఉంటే గ్లూకోజ్ గానీ పంచదార గానీ తీసుకోవాలి. ప్రొప్రనొలాల్ లాంటివాటితో ఈ ఇబ్బంది ఎక్కువ. షుగర్ ఉందని బీటా బ్లాకర్ వద్దనడం మాత్రం సరికాదు. షుగర్, గుండె వైఫల్యం రెండూ ఉన్నవారికి దీని వల్ల మేలు ఉంది.

కిడ్నీల సంగతి పైన చెప్పాను: అటెనోలాల్ ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటికి వెళ్తుంది. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగినవారికి మోతాదు తగ్గించాలి లేదా మందు మార్చాలి. మెటోప్రొలాల్, కార్వెడిలాల్, ప్రొప్రనొలాల్‌లను కాలేయం విరగ్గొడుతుంది. బిసోప్రొలాల్ సగం అటు, సగం ఇటు.

గర్భిణులకు బీపీ ఉంటే లాబెటలాల్‌కు ఎక్కువ అనుభవం ఉంది, అటెనోలాల్ కడుపులో బిడ్డ ఎదుగుదలను తగ్గించవచ్చు. అటెనోలాల్ వాడుతూ గర్భం దాల్చాలనుకునేవారు ముందే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి.

నడిస్తే పిక్కలు పట్టేసే కాళ్ల రక్తనాళాల జబ్బులో, అది మరీ ముదరకపోతే, గుండె మీదే పనిచేసే రకాలు వాడవచ్చు. చలికి వేళ్లు తెల్లబడి మొద్దుబారే జబ్బు ఉంటే అది పెరుగుతుంది. అలాంటివారికి రక్తనాళాలను వదులు చేసే నెబివొలాల్, కార్వెడిలాల్ నయం. మగవారిలో లైంగిక సామర్థ్యం తగ్గిందన్న ఫిర్యాదు కూడా ఇక్కడే వస్తుంది. చెప్పడానికి సిగ్గుపడి మాత్ర మానేసేవారున్నారు. దయచేసి డాక్టరుకు చెప్పండి, నెబివొలాల్‌కు మారితే చాలామందికి ఆ ఇబ్బంది తగ్గుతుంది. పీడకలలు, నిద్ర చెడటం ప్రొప్రనొలాల్, మెటోప్రొలాల్‌తో ఎక్కువ, ఎందుకంటే అవి మెదడులోకి సులువుగా చేరతాయి. అటెనోలాల్‌తో తక్కువ. సోరియాసిస్ ఉన్నవారిలో అది పెరగవచ్చు.

ప్రొప్రనొలాల్ దారి వేరు

గుండెకు దీన్ని ఇప్పుడు తక్కువగా వాడతారు. థైరాయిడ్ పెరిగి గుండె దడదడలాడేటప్పుడు, మైగ్రేన్ తలనొప్పి తరచూ రాకుండా, చేతుల వణుకుకు, కాలేయం గట్టిపడి ఆహారనాళంలో రక్తనాళాలు ఉబ్బినప్పుడు అవి పగలకుండా వాడతారు. ఆ చివరి పనికి కార్వెడిలాల్‌ను కూడా ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నారు.

దీనికొక దుర్వినియోగం ఉంది. ఇంటర్వ్యూ, పరీక్ష, వేదిక మీద ప్రసంగం ముందు భయం పోవడానికి స్నేహితుడు ఇచ్చిన ప్రొప్రనొలాల్ వేసుకునే యువతీయువకులు పెరుగుతున్నారు. ఉబ్బసం ఉందో లేదో, నాడి సహజంగానే ఎంత తక్కువో, ఈసీజీ ఎలా ఉందో చూడకుండా వేసుకోవడం ప్రమాదం. మోతాదు మించితే నాడి కుప్పకూలుతుంది, ఫిట్స్ వస్తాయి, బీటా బ్లాకర్లలో ఎక్కువ ప్రాణాపాయం కలిగించేవాటిలో ఇదొకటి. ఇంట్లో పిల్లలకు గానీ, మనసు బాగాలేని మనిషికి గానీ అందేచోట ఈ స్ట్రిప్ పెట్టకండి.

కలిస్తే ఇబ్బంది పెట్టేవి

చీటీలో ఉన్న మందులే కాదు, చీటీలో కనిపించనివి కూడా చూడాలి. గ్లకోమాకు, అంటే కంటి నరం దెబ్బతినే జబ్బుకు, కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు కూడా బీటా బ్లాకరే. ముక్కు ద్వారా రక్తంలోకి చేరి నాడిని తగ్గించగలవు, ఉబ్బసాన్ని రేపగలవు. కంటి డాక్టరుకు గుండె మాత్ర సంగతీ, గుండె డాక్టరుకు చుక్కల సంగతీ ఎవరో ఒకరు చెప్పాలి, ఆ ఒకరు ఇంట్లోవాళ్లే. చుక్క వేశాక కంటి లోపలి మూల దగ్గర వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచితే రక్తంలోకి చేరేది తగ్గుతుంది.

బీపీకి, గుండె దడకు ఇచ్చే వెరాపమిల్, డిల్టియాజెమ్‌లతో బీటా బ్లాకర్ కలిస్తే గుండెలో విద్యుత్ ప్రసారం ఆగిపోయేంత దూరం వెళ్లవచ్చు. ఆమ్లోడిపిన్‌తో ఆ భయం లేదు. గుండె లయకు ఇచ్చే డిగాక్సిన్, అమియోడరోన్‌లతో నాడి మరీ పడిపోవచ్చు. క్లోనిడిన్ అనే బీపీ మందు కూడా వాడుతున్నవారు మానాల్సి వస్తే ముందు బీటా బ్లాకర్‌ను తగ్గించాలి, క్లోనిడిన్ తరవాత. తారుమారైతే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. డిప్రెషన్‌కు ఇచ్చే పరోక్సెటిన్, ఫ్లూఒక్సెటిన్ మెటోప్రొలాల్ విరగకుండా అడ్డుపడి దాని ప్రభావాన్ని చాలా పెంచుతాయి. అవి వాడాల్సినవారికి బిసోప్రొలాల్ సురక్షితమైన ప్రత్యామ్నాయం.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది మోకాళ్ల నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసెక్లోఫెనాక్. ఇవి ఒంట్లో నీరు, ఉప్పు నిలిపి బీపీ పెంచుతాయి, గుండె వైఫల్యాన్ని ఎగదోస్తాయి. కొత్త బీటా బ్లాకర్ పనిచేయడం లేదనుకునే ముందు ఇంట్లో నొప్పి మాత్రల డబ్బా ఒకసారి చూడండి.

ఆపడం, మరవడం, ప్రయాణం

బీటా బ్లాకర్ వాడినన్నాళ్లూ మూసి ఉన్న గ్రాహకాలకు బదులుగా శరీరం మరిన్ని గ్రాహకాలను తయారుచేసుకుంటుంది. ఒక్కసారిగా మందు ఆపితే ఎడ్రినలిన్ వాటన్నిటి మీదా పడుతుంది. గుండె పరుగెత్తుతుంది, బీపీ పెరుగుతుంది, రక్తనాళాలు పూడినవారిలో ఛాతీనొప్పి, గుండెపోటు రావచ్చు. ఆపవలసి వస్తే ఒకటి రెండు వారాలు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం తీసుకుని డాక్టరు చెప్పినట్టు తగ్గిస్తూ ఆపాలి. అందుకే స్ట్రిప్‌లో చివరి మాత్రదాకా ఆగకుండా వారం మాత్రలు మిగిలి ఉండగానే కొత్తది తెచ్చుకోవాలి.

అయ్యప్ప దీక్ష తీసుకునేవారు, రంజాన్ ఉపవాసం ఉండేవారు మాత్ర మానవద్దు. ఎప్పుడు వేసుకోవాలో ముందే అడిగితే వేళలు సర్దుతారు. ఒక్క పూటే భోజనం చేసే దీక్షలో భోజనంతో రెండుసార్లు వేయాల్సిన కార్వెడిలాల్ కష్టమవుతుంది. దాని బదులు రోజుకొకటి సరిపోయేది వాడవచ్చేమో ముందుగానే చర్చించాలి, దీక్ష మొదలయ్యాక కాదు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు ఉండబోయే కాలానికి సరిపడా మాత్రలు, మందు అసలు పేరు, మోతాదు రాసిన చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోవాలి. ఇక్కడి బ్రాండ్ పేరు అక్కడ ఎవరికీ తెలియదు. మెటోప్రొలాల్ సక్సినేట్ ఇక్కడ మెట్ ఎక్స్ఎల్, అక్కడ టోప్రోల్ ఎక్స్ఎల్.

ఒక మోతాదు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. తరవాతి మోతాదు వేళ దగ్గరపడితే మరిచినది వదిలేయాలి, రెండూ కలిపి వేయకూడదు. వాంతులు, విరేచనాలతో నీరసించి, ఎండదెబ్బకు నీరు తగ్గి బీపీ పడిపోయినప్పుడు ఆ రోజు ఏమి చేయాలో డాక్టరుకు ఫోను చేసి అడగాలి. ఏదైనా ఆపరేషన్ ఉంటే వాడుతున్న బీటా బ్లాకర్ ఆపకుండా మత్తు డాక్టరుకు చెప్పాలి. అంతకుముందు వాడనివారికి ఆపరేషన్ రోజునే దీన్ని మొదలుపెట్టడం మేలు కన్నా కీడు చేస్తుందని 2008లో పోయిస్ అధ్యయనం చూపింది. గుండెపోట్లు తగ్గాయి గానీ మరణాలు, పక్షవాతాలు పెరిగాయి.

నాడి

ఎంపిక సరైనదో కాదో రోజూ చెప్పేది మణికట్టే. బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి ముప్పై సెకన్లు లెక్కించి రెండింతలు చేయండి. లయ తప్పుతుంటే నిమిషమంతా లెక్కించాలి. ఛాతీనొప్పి ఉన్నవారికి సాధారణంగా 55 నుంచి 60 మధ్య ఉండాలనుకుంటారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఇబ్బందులు లేకపోతే కూర్చున్నప్పుడు 110 లోపు ఉన్నా చాలన్నది 2010 నాటి రేస్-2 అధ్యయనం తరవాత వచ్చిన పద్ధతి. 50 కన్నా తక్కువ వస్తే, ముఖ్యంగా కళ్లు తిరిగితే, తరవాతి మోతాదు వేసుకునే ముందు డాక్టరుకు ఫోను చేయాలి.

వ్యాయామంలో నాడి మీద ఆధారపడకండి. ఈ మందు మీద ఉన్నవారికి తిరుమల అలిపిరి మెట్లు ఎక్కినా నాడి వయసుకు తగినంత పెరగదు, అందువల్ల గుండె మీద ఎంత భారం పడుతోందో వాచీ అంకె చెప్పలేదు. నడుస్తూ పక్కవారితో తెరిపి లేకుండా మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోతుంది, మాటకు ఊపిరి చాలకపోతే ఆగి కూర్చోవాలి. ఛాతీ బరువెక్కితే ఎక్కడున్నా ఆగిపోవాల్సిందే.

స్పృహ తప్పితే, నాడి 40కి దిగువన ఉండి మనిషి చల్లబడితే, ఆయాసం ఉన్నట్టుండి పెరిగితే, పొరపాటున మాత్రలు ఎక్కువ వేసుకుంటే 108కి ఫోను చేయండి. అంబులెన్సు ఎక్కేటప్పుడు ఆ మనిషి వేసుకునే స్ట్రిప్‌లన్నీ, కంటి చుక్కల సీసాతో సహా, ఒక సంచిలో వేసి వెంట తీసుకెళ్లండి. ఏ బీటా బ్లాకర్, ఎంత మోతాదు, చివరి మాత్ర ఎప్పుడు అన్నది తెలిస్తే క్యాజువాలిటీ డాక్టరుకు నాడి పెంచే అట్రోపిన్ ఇంజెక్షన్ సరిపోతుందా, బీటా బ్లాకర్ ప్రభావానికి విరుగుడుగా గ్లూకగాన్ కావాలా, పేస్‌మేకర్ పెట్టాలా అన్నది త్వరగా తేల్చుకునే వీలుంటుంది.